చెమట వేరు, తేమ వేరు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగానికి పైగా ఒకటే గోడు. "అమ్మా, వయసు మీద పడింది, మొహానికి ఏం రాయాలో తెలీడం లేదు" అని. నాకూ 63 నిండాయి. అమలాపురంలో 1989లో ఒక కుర్చీ, ఒక అద్దం, ఒక దారపు ఉండతో పార్లర్ తెరిచాను. 2021లో మోకాళ్లు ఇక మా వల్ల కాదన్నాక షట్టరు దించాను. కాబట్టి ఇక్కడ చెప్పేవాటిలో సగం కుర్చీ వెనక నిలబడి చూసినవి, సగం నా మొహం మీద నేనే చేసుకున్న ప్రయోగాలు. వైద్యం నాది కాదు. డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాల్సినచోట మొహమాటం లేకుండా చెబుతాను.

ప్రశ్న: నా వయసు 62. రాజోలు దగ్గర హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి ఈ మధ్యే రిటైరయ్యాను. హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి దసరాకి వచ్చి ఏడు సీసాలు చేతిలో పెట్టి వెళ్లింది. విటమిన్ సి, నియాసినమైడ్, హైలురోనిక్ యాసిడ్, రెటినాల్, గ్లైకాలిక్ యాసిడ్, ఇంకా రెండు. డబ్బు పోసి కొన్నది పాడుచెయ్యడం ఎందుకని అన్నీ వరసపెట్టి వాడాను. పది రోజులకి బుగ్గలు పొట్టు రేగాయి, నీళ్లు తగిలినా మంట. మన ఉక్కపోతకి మొహం ఎప్పుడూ జిడ్డోడుతూ ఉంటుందని రోజుకి నాలుగుసార్లు సబ్బుతో కడుగుతాను కూడా. ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి?

జవాబు: టీచరుగారూ, బడిలో చేరిన పిల్లాడికి అచ్చులు, ఒత్తులు, సంధులు, ఛందస్సు ఒకే వారంలో చెప్పేస్తారా? పాపం మీ మొహానికి మీరు అదే చేశారు.

సీసాల సంగతి తర్వాత. ముందు ఆ "జిడ్డు" లెక్క తేల్చాలి. ముప్ఫై ఏళ్లు నా కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్లలో పదిమందికి ఎనిమిదిమంది ఇదే మాట అనేవారు. మొహం మెరుస్తోంది కాబట్టి జిడ్డు అనుకుంటాం. అది చెమట. మన లంకల్లో, కాలవగట్ల మీద గాలి నిండా తేమే, అందుకని పట్టిన చెమట ఆరదు, మొహం మీదే నిలబడి నిగనిగలాడుతుంది. లోపల నూనె గ్రంథులు మాత్రం ముట్లు ఆగిపోయాక మెల్లగా పని తగ్గించేస్తాయి. వేసవిలో కాలవలు కట్టేసిన రోజుల్లో చేను మీద ఓ జల్లు పడుతుంది చూడండి. పైన తడి తళతళలాడుతుంది, మడమ పెడితే కింద నెర్రెలు. మీ బుగ్గ అలా ఉంది. నమ్మకం లేకపోతే రేపు పొద్దున ఉత్త నీళ్లతో మొహం కడుక్కుని, ఏమీ రాయకుండా ఫ్యాన్ కింద అరగంట కూర్చోండి. చర్మం బిగదీసినట్టు లాగిందా, అది జిడ్డు చర్మం కాదు.

ఆ వట్టి చర్మాన్ని మీరు రోజుకి నాలుగుసార్లు సబ్బేసి తోముతున్నారు. మన చర్మానికి కాస్త పులుపు గుణం ఉంటుంది, పీహెచ్ అయిదు దరిదాపుల్లో. ఒంటి సబ్బుది తొమ్మిది, పది. పెళుసెక్కిన చర్మం మీద ఆ క్షారం పడినప్పుడల్లా ఉన్న కాస్త నూనే కొట్టుకుపోతుంది. ముట్లు ఆగిన మొదటి అయిదేళ్లలో చర్మంలో కొలాజెన్ సుమారు 30 శాతం తగ్గిపోతుందనీ, ఆ తర్వాత ఏడాదికి 2 శాతం చొప్పున జారుతుందనీ డాక్టర్లు చెబుతారు. మనం పట్టుకుంటే పలచగా అనిపించేది, దుప్పటి మడత చెంప మీద పడితే మధ్యాహ్నం దాకా పోనిది అందుకే.

ఇక చెయ్యాల్సింది. ఏడు సీసాలనూ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. నెల రోజులు మూడంటే మూడే. పొద్దున ఉత్త నీళ్లు, రాత్రి నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్. కడిగాక తువ్వాలుతో రుద్దకుండా అద్ది, తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజరు. డబ్బా వెనక గ్లిజరిన్, సెరమైడ్ అని ఉంటే చాలు, వాసన ఎంత తక్కువైతే అంత మంచిది. పగలు దాని మీద సన్‌స్క్రీన్. అంతే.

సన్‌స్క్రీన్ అనగానే "నాకెందుకమ్మా, నేను చేలోకి వెళ్తానా" అంటారు. మీరు ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతారా? ముడతలు తెచ్చే యూవీఏ కిరణాలు మబ్బు పట్టినా ఆగవు, కిటికీ అద్దంలోంచీ వస్తాయి. ఎస్పీఎఫ్ 30 ఉన్నది సరిగ్గా రాస్తే చర్మాన్ని కమిలించే యూవీబీలో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టక్కర్లేదు. పీఏ పక్కన ప్లస్ గుర్తులు మూడో నాలుగో ఉన్నాయా చూడండి, అది యూవీఏ లెక్క. అసలు తప్పు మనం రాసే కొలతలో ఉంది. గోరంత తీసి ఊరంత పూస్తాం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీస్తే మొహానికీ మెడకీ సరిపోతుంది. బయట తిరిగే రోజైతే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెమట పట్టిందంటే అప్పుడే.

మంట పోయి, నెల గడిచాక బీరువా తియ్యండి. ఒక్క సీసా తియ్యండి, రెండు కాదు. వయసులో ఉన్నప్పుడు పైచర్మం సుమారు 28 రోజులకి కొత్తదవుతుంది, మన వయసుకి అది 40 దాటుతుంది. అంటే ఏ మందు గుణమైనా మండలం దీక్ష పూర్తయ్యేదాకా తెలీదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు నలభై ఒక్క రోజులు ఓపిక పట్టినట్టు పట్టాలి. మొదట తియ్యాల్సింది రెటినాల్. ముడతల మీద నిజంగా పని చేసేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, వాటిలో ఇది ముందు. వారానికి రెండు రాత్రులు, మొహమంతటికీ కలిపి బఠాణీ గింజంత. ముందు మాయిశ్చరైజరు రాసి, అది ఇంకాక రెటినాల్, దాని మీద మళ్లీ మాయిశ్చరైజరు. కంటి రెప్పలకీ, పెదవుల మూలలకీ తగలనివ్వకండి. ఫలితం మూడు నుంచి ఆరు నెలలు. మొదటి నెల కాస్త పొట్టు లేస్తుంది, భరించగలిగితే కొనసాగించండి, మండితే వారానికి ఒకసారికి తగ్గించండి. (మీ సీసా పిల్లలు కనే వయసులో ఉన్న కోడలికో మేనకోడలికో చెయ్యి మార్చకండి. గర్భం వచ్చే వీలున్నవాళ్లు రెటినాల్ జోలికి వెళ్లకూడదు.)

విటమిన్ సి సీసా ఎండాకాలం అయ్యేలోపు మన వేడికి రంగు మారుతుంది. తేటగా ఉన్నది ముదురు నారింజ రంగులోకి తిరిగితే పారెయ్యండి, దాచుకుని లాభం లేదు. హైలురోనిక్ తడి మొహం మీద రాసి పైన క్రీము వేస్తేనే ప్రయోజనం. నియాసినమైడ్ మంచిదే గానీ, మీ మాయిశ్చరైజరులో ఇప్పటికే ఉందేమో చూడండి. గ్లైకాలిక్ మాత్రం మీ అమ్మాయికే తిరిగి ఇచ్చెయ్యండి. పేరు రాయని ఆ రెండూ బీరువాలోనే నిద్రపోనివ్వండి.

ప్రశ్న: మాది అంబాజీపేట. నా వయసు 55. "ఊరి నిండా కొబ్బరికాయలు పెట్టుకుని డబ్బాల్లో క్రీములేంటే" అంటారు మా అత్తగారు. ఆవిడ జీవితమంతా కొబ్బరినూనే రాశారు. మొహానికి రాసుకోవచ్చా?

జవాబు: మీ అత్తగారిది ముప్పాతిక నిజం. కాళ్లకీ, చేతులకీ, పగిలిన మడమలకీ స్నానం చేసిన వెంటనే తడి మీద గానుగ కొబ్బరినూనె రాస్తే బజారు లోషన్లకి ఏమాత్రం తీసిపోదు. మొహం దగ్గరే పేచీ. కొందరికి రంధ్రాలు పూడి గడ్డం మీద గింజలు వస్తాయి. మీకు రాకపోతే రాత్రిపూట నాలుగు చుక్కలు రాసుకోండి, ఎవరూ కాదనరు. కానీ నూనె రాసుకుని ఎండలోకి వెళ్లి "కొబ్బరినూనె ఎండని ఆపుతుందట" అనొద్దు, ఆపేది చాలా తక్కువ. నేను మాత్రం ఇప్పటికీ దాన్ని ఒక పనికి వదలను. పెళ్లినుంచి వచ్చాక మేకప్ తుడవడానికి. చెంచాడు నూనె అరచేతుల్లో వేడెక్కేలా రుద్ది మొహానికి పట్టించి, దూదితో తీసి, ఆ తర్వాత ఫేస్‌వాష్. కాటుక కూడా మారు మాట్లాడకుండా వచ్చేస్తుంది.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నాను, వయసు 54. వైశాఖంలో మా పెద్దమ్మాయి పెళ్లి చేశాం. తెల్లవారుజాము 3 గంటల ముహూర్తం. పెళ్లికూతురికి మేకప్ వెయ్యడానికి వచ్చినావిడే నాకూ వేసింది. అద్దంలో బాగానే ఉంది. వీడియో చూస్తే ఏడుపొచ్చింది. మొహం తెల్లగా, మెడ నల్లగా, నవ్వినచోటల్లా గీతలు. కన్యాదానం ఫొటోలో నన్ను నేనే పోల్చుకోలేదు. మాఘంలో రెండోదాని పెళ్లి. ఈసారి నేనే వేసుకోవాలనుకుంటున్నాను. చెప్పండి.

జవాబు: బూడిదగుమ్మడికాయలా వచ్చానని మీరు రాయలేదు గానీ, నాకు కనిపించింది. బాధపడకండి, ఆ తప్పు నేనూ చేశాను. 1990ల్లో పెళ్లికూతురి తల్లి కుర్చీలో కూర్చుంటే, కూతురి కోసం తీసిన డబ్బాలోంచే ఆవిడకీ రాసేసేవాళ్లం. పాతికేళ్ల చర్మానికి పనికొచ్చే మందపాటి పూత యాభై నాలుగేళ్ల చర్మం మీద గోడకి వేసిన సున్నంలా పెళ్లలు కడుతుంది. కింద తేమ లేదు కాబట్టి పౌడరు ముడతల్లోకి దిగి కూర్చుంటుంది, నవ్వినప్పుడల్లా పగులుతుంది. దాని మీద చెమట పట్టిందని మళ్లీ పౌడరు, మళ్లీ పగులు.

మాఘానికి ఇంకా వ్యవధి ఉంది. మేకప్ ఆ రోజు మొదలవదు, ఇప్పుడు మొదలవుతుంది. పైన టీచరుగారికి చెప్పిన మూడూ మీరూ మొదలుపెట్టండి. పెళ్లికి పది రోజుల ముందునుంచి మాత్రం కొత్తది ఏదీ ముట్టుకోవద్దు. ఫేషియల్, బ్లీచ్ లాంటివి చేయించుకోవాలనుకుంటే వారం ముందే అయిపోవాలి. పెళ్లి ముందురోజు బ్లీచ్ చేయించుకుని మొహం కందిపోయి, పసుపు నీళ్లు చల్లితే కెవ్వుమన్న తల్లులను చూశాను.

ఫౌండేషన్ కొనేటప్పుడు షాపువాళ్లు చేతి మీద గీత గీసి చూపిస్తారు. చెయ్యి రంగు వేరు, మొహం రంగు వేరు. దవడ ఎముక మీద, మెడ దాకా మూడు రంగులు గీయించుకుని షాపు బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. ఏ గీత కనపడకుండా పోయిందో అదే మీది. ఒక్క మెట్టు తెల్లది తీసుకుందామన్న ఆశ వీడియోలో బయటపడుతుంది. మీకు మొదటిసారి జరిగింది అదే.

ఆ రోజు మొహం కడిగి మాయిశ్చరైజరు రాశాక పది పదిహేను నిమిషాలు ఆగండి. ఈలోగా చీర కట్టుకోవచ్చు, గాజులు వేసుకోవచ్చు. ఇది ఆగకపోతే పైన వేసింది జారుతుంది. ఫౌండేషన్ బుగ్గల మధ్య, ముక్కు పక్కల, గడ్డం మీద చుక్కలు పెట్టి, తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దండి. రుద్దకండి. మొహమంతా కప్పాలన్న పట్టుదల వద్దు, మచ్చ ఉన్నచోట కాస్త ఎక్కువ, మంచి చర్మం ఉన్నచోట చర్మాన్నే కనపడనివ్వండి. కళ్ల కింద మన చాయ వాళ్లకి నలుపు నీలంగా ఉంటుంది. దాని మీద తెల్లటి కన్సీలరు పూస్తే బూడిద రంగు తేలుతుంది. ముందు నారింజ రంగు కరెక్టరు గోరంత అద్ది, దాని మీద మీ రంగు కన్సీలరు. కళ్ల కింద పౌడరు వద్దే వద్దు. ముక్కు మీద, నుదుటి మధ్య, పై పెదవి మీద మాత్రం పఫ్‌తో నొక్కండి. బుగ్గలకి పొడి రంగు బదులు క్రీము బ్లష్, బుగ్గ గుండ్రం మీద కాకుండా కాస్త పైన, కణత వైపుకి. నవ్వినప్పుడు ఉబ్బే చోట పెడితే నవ్వు ఆగాక కిందకి జారి కనిపిస్తుంది.

మెరుపుల ఐషాడో కూతురికి వదిలెయ్యండి. ముడతపడిన రెప్ప మీద ఒక్కో మెరుపూ ఒక్కో గీతని చూపిస్తుంది. కాటుక కింది రెప్పకి పెడితే మండపం పొగకీ, అప్పగింతల కన్నీళ్లకీ గంటలో బుగ్గ మీదకి వస్తుంది. పై రెప్ప వెంట్రుకల మొదట్లో సన్నగా లైనరు గీయండి, కన్ను తెరుచుకున్నట్టు ఉంటుంది. పెదవుల అంచు గీతల్లోకి లిప్‌స్టిక్ పాకకుండా ముందు అదే రంగు లైనరు పెన్సిల్. బాగా ఎండిపోయే మ్యాట్ లిక్విడ్ రకం కాకుండా మెత్తటిది తీసుకోండి. పట్టుచీర మెరూనుదైతే ఇటుకరంగు, ఆకుపచ్చదైతే గులాబీ. లేత గోధుమ రంగులు వద్దు, జ్వరం పడి లేచినట్టుంటారు.

చెమటకి కొంగుతో తుడవకండి. టిష్యూ మడిచి బొడ్డు దగ్గర పెట్టుకోండి. నొక్కి తియ్యాలి అంతే, పౌడరు మీద పౌడరు వెయ్యొద్దు. కెమెరా అబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి, లైటు మొహం మీదకి తిన్నగా కొట్టొద్దని. ఎస్పీఎఫ్ ఉన్న ఫౌండేషన్‌లో ఉండే టైటానియం డయాక్సైడు ఫ్లాష్‌కి తెల్లగా తేలుతుంది. ఈసారీ రాత్రి ముహూర్తమే అయితే ఆ ఒక్కరోజు సన్‌స్క్రీన్ మానెయ్యండి.

మా అమ్మ రోజుల్లో అఫ్గాన్ స్నో డబ్బా ఒకటి ఇల్లంతటికీ. అందరు అమ్మలూ ఫొటోల్లో ఒకే రంగులో ఉండేవారు. మనకి ఎంచుకునే వీలుంది, ఎంచుకుందాం.

ప్రశ్న: మేడమ్, ఇది మా అమ్మ చెబుతుంటే నేను రాస్తున్నాను, ఇంటర్ చదువుతున్నాను. మాది భీమవరం పక్కన పల్లె. అమ్మకి 47. రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పని, అంతకుముందు నాట్లకి వెళ్లేది. బుగ్గల మీద మంగు వచ్చింది. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. నెలలో మొహం తెల్లబడింది, అందరూ అడిగారు. ఏడాదిగా రాస్తోంది. ఇప్పుడు ఎండలోకి వెళ్తే మొహం ఎర్రబడి మంట, బుగ్గల మీద సన్న వెంట్రుకలు, నరాలు కనబడుతున్నాయి. మానేస్తే ఇంకా ఎక్కువవుతోంది. ఏ క్రీము మార్చాలి?

జవాబు: అమ్మాయ్, ముందు ఆ ట్యూబు వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువు. బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఏదైనా ఉందా? ఉంటే అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా పక్కనే ఉంటే ఆ మూడింటి కలయిక డాక్టరు కొద్దివారాల కోసం, చూసుకుంటూ ఇచ్చే మందు. ఏడాది పాటు మొహానికి రాసే క్రీము కాదు. మీరు రాసిన లక్షణాలు అవే: పలచబడటం, ఎరుపు, వెంట్రుకలు, మానగానే తిరగబెట్టడం. ఇలాంటి పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా అడిగితే ఇస్తున్నారు.

నిన్ను గాని, మీ అమ్మని గాని నేను తిట్టను. ఆ అర్హత నాకు లేదు. 1997 ప్రాంతాల్లో మా పార్లర్‌కి వచ్చే ఒక ఏజెంటు "నైట్ క్రీములో ఈ ట్యూబు సగం కలపండి, మూడు రోజుల్లో గుణం" అని చెప్పాడు. కలిపాను. గుణం వచ్చింది, గిరాకీ వచ్చింది. ఏడాది తిరిగేసరికి ముగ్గురు ఆడవాళ్లు ఇప్పుడు మీ అమ్మ చెప్పిన మాటలే చెబుతూ వచ్చారు. వాళ్లలో ఒకావిడ మా ఇంటి వెనక వీధే. ఆవిడ బుగ్గ మీద ఎర్ర నరాలు ఇవాళ్టికీ ఉన్నాయి. సంతలో ఎదురైతే నేనే తల తిప్పుకుంటాను.

క్రీము మార్చడం కాదు, చర్మం డాక్టరుకి చూపించాలి, ఈ వారంలోనే. ఒక్కసారిగా మానేస్తే మంట పెరుగుతుంది కాబట్టి ఎలా తగ్గించాలో ఆయనే చెబుతారు. ట్యూబు చేత్తో పట్టుకెళ్లు. అదృష్టం బాగుండి తెలిసిన మందే రాసింది అమ్మ. పేరూ ఊరూ లేని తెల్ల డబ్బా క్రీములు ఇంకా ప్రమాదం, వాటిలో పాదరసం ఉండొచ్చు. 2023లో కేరళలో మలప్పురం జిల్లాలో అలాంటి తెల్లబడే క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాల జబ్బు రావడం బయటపడింది.

మంగు గురించి రెండు ముక్కలు. అది పూర్తిగా తుడిచిపెట్టుకుపోయే రకం కాదు, అదుపులో ఉంచుకునేది. ఎండే కాదు, పొయ్యి సెగ కూడా దాన్ని రేపుతుంది. చర్మం నెమ్మదించాక డాక్టరుని అడిగి ఐరన్ ఆక్సైడు కలిసిన, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ తీసుకోండి. తెల్ల సన్‌స్క్రీన్ ఆపలేని మామూలు వెలుతురుని కూడా అది కొంత ఆపుతుంది. అమ్మ సైకిలు మీద వెళ్లేటప్పుడు తల చుట్టూ తువ్వాలు చుట్టుకుంటుంది కదా, దాన్ని బుగ్గల దాకా చుట్టమను. దానికి పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: ఆడవాళ్ల పేజీలో మగాడి ఉత్తరమేంటని నవ్వకండి. ఆత్రేయపురం దగ్గర రైతునండి, 61 ఏళ్లు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి మీసానికి రంగేశానండి. మర్నాటికి పై పెదవి రొట్టెలా వాచిందండి. ఇదివరకు ఎప్పుడూ ఇలా అవలేదండి, ఆయ్. రంగు మార్చమంటారా?

జవాబు: నవ్వలేదండి. కొంచెం నవ్వాను. ఆ రంగులో పారా ఫెనిలిన్ డయమైన్ అని ఒకటి ఉంటుంది. పదేళ్లు వాడినా ఏమీ కాకుండా, పదకొండో ఏట పడకపోవచ్చు. ఒకసారి పడలేదంటే ఇక పడదు, ప్రతిసారీ ఇంకా ఎక్కువగా వాస్తుంది, ఊపిరి ఇబ్బంది దాకా వెళ్లొచ్చు. కంపెనీ మార్చినా నల్లరంగుల్లో చాలావాటిలో అదే. బజారులో "నల్ల గోరింటాకు" అని అమ్మేదాంట్లోనూ అదే ఉండొచ్చు. అలవాటున్న మిగతావాళ్లు ప్రతిసారీ చెవి వెనక చుక్క పెట్టి 48 గంటలు చూసుకోవాలి. మీరు మాత్రం ఆ డబ్బా పారేసి, తెల్లమీసానికే కొబ్బరినూనె రాసి దువ్వుకోండి. ఆకు రుబ్బిన గోరింటాకు పెట్టుకోవచ్చు గానీ, ఎర్రమీసంతో మనవరాలు మిమ్మల్ని పోల్చుకుంటుందో లేదో నేను చెప్పలేను. ఒకటి అడగకపోయినా చెబుతాను: చేలో తలపాగా కట్టినా చెవులూ, మెడ వెనకా ఎండకి వదిలేస్తారు మీరంతా. సన్‌స్క్రీన్ అక్కడ రాయండి.

ప్రశ్న: నరసాపురం. లేసు అల్లుతాను. 50 ఏళ్లు. ముప్ఫై ఏళ్లుగా స్టిక్కరు బొట్టు పెట్టినచోట ఇప్పుడు తెల్లమచ్చ తేలింది. మెడ మీద పులిపిరులు కూడా. బొల్లి అంటారేమోనని భయం.

జవాబు: స్టిక్కరు జిగురులో ఉండే ఒక రసాయనం (పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్) కొందరికి సరిగ్గా బొట్టంత మేర రంగు పోగొడుతుంది. స్టిక్కరు ఇవాళే ఆపి డాక్టరుకి చూపించండి. తొందరగా వెళ్తే రంగు తిరిగి రావచ్చు. కుంకుమ కూడా కొన్నాళ్లు ఆ మచ్చ మీద పెట్టకండి. ఐబ్రో పెన్సిల్‌తో బొట్టు కాస్త పైన గీసుకోండి.

పులిపిరులకి సున్నం, చాకలిసోడా కలిపి పెట్టమని ఎవరైనా చెబితే వినకండి. మా అమ్మ కుడి చెంప మీద రూపాయంత గుంట అలా వచ్చిందే. డాక్టరు దగ్గర మత్తు పూత రాసి చిన్న మిషనుతో పది నిమిషాల్లో తీసేస్తారు. ఏదైనా మచ్చ గాని పులిపిరి గాని రంగు మారినా, రక్తం కారినా, గబగబా పెరిగినా మాత్రం అందం మాట పక్కనపెట్టి వెంటనే చూపించాలి. మెడ వెనక నల్లగా, వెల్వెట్ గుడ్డలా మందంగా ఉందేమో కూడా మీ అమ్మాయిని చూడమనండి. ఉంటే దాన్ని తోమితే పోదు, షుగరు పరీక్ష చేయించుకోవాలి.

ప్రశ్న: పిన్నిగారూ, మాది ముమ్మిడివరం. మా అత్తగారికి 74. పౌడరు, కాటుక, నూనె పెట్టి దువ్విన జుట్టు, అంతే ఆవిడ అలంకారం. ఈ మధ్య కాటుక వంకరగా పెట్టుకుంటున్నారు, పౌడరు ఒకవైపే ఎక్కువ పడుతోంది. చెబితే చిన్నబుచ్చుకుంటారు. పుట్టినరోజుకి ఏదైనా మంచి క్రీము కొనివ్వాలని ఉంది. ఏది కొనను?

జవాబు: క్రీము వద్దు. నాకైతే ఆవిడకి కన్ను మసకబారిందేమో అనిపిస్తోంది. రెండు కళ్లకీ శుక్లాల పరీక్ష చేయించండి. ఆపరేషను అవసరమైతే డాక్టరు సరే అనేదాకా కాటుక బందు, ఆ సంగతి ముందే చెప్పండి, లేకపోతే మర్నాడే పెట్టేసుకుంటారు. కానుకగా కొనాలంటే బల్ల మీద నిలబడే గుండ్రటి అద్దం ఒకటి కొనండి, ఒకవైపు మామూలుగా, రెండోవైపు పెద్దగా చూపించేది. దాన్ని కిటికీకి ఎదురుగా, ఆవిడ కూర్చునే ఎత్తులో పెట్టండి. ట్యూబులైటు వెనకనుంచి పడే చోట పెట్టకండి. ఎవరికోసమని అడిగితే మీకోసమని చెప్పి, పక్కన కూర్చుని మీరూ ఓసారి చూసుకోండి.